గడపకో ఓటు

పాఠకులారా, ఒక మాట చెబుతాను, కోప్పడకండి. దేశంలోగానీ, ఊళ్లోగానీ, కడకు నాలుగు కుటుంబాలు కలిసి ఉండే అపార్ట్‌మెంటులోగానీ ఏ నిర్ణయమూ జరగకపోవడాన్ని మించిన అదృష్టం మరొకటి లేదు!

నవ్వకండి. నిర్ణయాలు చకచకా జరిగిన చోట ఏమైందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రోడ్డు వెడల్పు చేయాలని నిర్ణయించారు, మీ ప్రహరీగోడ పోయింది. ఆఫీసులో పని వేగం పెంచాలని నిర్ణయించారు, మీ ఆదివారం పోయింది. పెళ్లి చేసుకోవాలని ఎవరికి వారే నిర్ణయించుకుంటాం. సరే, ఆ ఉదాహరణ వదిలేద్దాం. ఈ కాలమ్ మా ఆవిడ కూడా చదువుతుంది.

ఈ ప్రమాదం కనిపెట్టే కాబోలు, చాలా దేశాల్లో పెద్దలు చట్టసభలు రెండేసి పెట్టారు. ఒక సభలో జనాభాను బట్టి సీట్లు, ఎక్కువ మంది ఉన్న రాష్ట్రానికి ఎక్కువ. రెండో సభలో కొన్ని దేశాలు పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ సరిసమానంగా ఇస్తాయి, కొన్ని చిన్నవాటికి కాస్త మొగ్గు చూపి ఊరుకుంటాయి. ఒక సభ ముందుకు లాగితే రెండోది వెనక్కి లాగుతుంది. బండి కదలదు. కదలని బండి ఎవరినీ గుద్దదు. ఇంతకన్నా క్షేమమైన ప్రయాణం ఎక్కడుంది చెప్పండి?

ఇదంతా పుస్తకాల్లో చదివి చెబుతున్నాననుకునేరు. మా కాంప్లెక్సులో మేం రెండు సభలతోనే కాపురం చేస్తున్నాం.

మా కాంప్లెక్సులో మూడు రాష్ట్రాలున్నాయి. పెద్ద బ్లాకులో నలభై ఎనిమిది ఇళ్లు. మేముండేది అందులోనే, ఆరు మెట్లెక్కగానే ఎడమవైపు. మధ్య బ్లాకులో పన్నెండు. ఇక వెనకాల చిన్న వరస, నాలుగంటే నాలుగు పాత పెంకుటిళ్లు. బిల్డరు స్థలం కొన్నప్పుడు ఆ నలుగురూ అమ్మనన్నారు. దాంతో వాళ్లను కూడా లోపలేసుకుని కాంప్లెక్సు లేచింది.

మొదట్లో మాకు ఒకటే సభ, ఇంటికో ఓటు. పెద్ద బ్లాకు చేతులెత్తితే అదే శాసనం. మోటారు వేస్తే ముందు నీళ్లు ఎవరికి? పెద్ద బ్లాకుకు. చెత్తబండి ఎక్కడ ఆగాలి? చిన్న వరస ముందు. ప్రజాస్వామ్యం అంత నున్నగా నడిచిన చోటు నేను మరొకటి చూడలేదు.

నిరుడు ఒకరోజు పొద్దున కుళాయిలు మూగబోయాయి. మెజారిటీ అంతా బకెట్లు పట్టుకుని కిందికి దిగింది. అప్పుడు గుర్తొచ్చిందేమిటంటే, బోరున్నది చిన్న వరస పెరట్లో. మోటారు గది తాళం చెక్క మామ జేబులో. చెక్క మామంటే చిన్న వరసలో మూడో ఇంటి వడ్రంగి. ఆయన అసలు పేరు కాంప్లెక్సులో ఎవరికీ తెలీదు, చెక్క తెలుసు.

"మేం నలుగురం," అన్నాడు చెక్క మామ నింపాదిగా. "రెండు చేతులూ ఎత్తినా ఎనిమిదే. మీరెత్తితే మాకు ఆకాశం కూడా కనపడదు. మాకూ ఒక మాటంటూ ఉంటే చెప్పండి, తాళం తీస్తా."

ఆ మాటతో సివిక్స్ మాస్టారి మొహం వెలిగిపోయింది. ఆయన మధ్య బ్లాకులో ఉంటారు. ముప్పై ఏళ్లు పిల్లలకు సమాఖ్య పాఠం చెప్పారు. అది పరీక్షలో రెండు మార్కులకు తప్ప దేనికైనా పనికొస్తుందని పాపం ఆయనే ఎన్నడూ నమ్మలేదు.

"ఇది తాళం గొడవ కాదు నాయనా," అన్నారు మాస్టారు ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని. "జనానికి ఒక సభ, జాగాకు ఒక సభ. జనం ఎక్కువున్నారని జాగాను తొక్కేస్తే చిన్నవాళ్లు మనతో కలిసుండటం దేనికి? జాగా పేరు చెప్పి జనాన్ని ఆపేస్తే పెద్దవాళ్లకు సభలు దేనికి? రెండూ ఒప్పుకుంటేనే పని జరగాలి."

అలా రెండు సభలు పుట్టాయి. జన సభలో ఓట్లు ఇళ్లను బట్టి. సమ సభలో బ్లాకుకు రెండు సీట్లు, పెద్దదైనా చిన్నదైనా అంతే. నలభై ఎనిమిది ఇళ్లకూ రెండే, నాలుగిళ్లకూ రెండే! మా బ్లాకువాళ్ల కడుపు మండింది గానీ బకెట్లు ఖాళీగా ఉన్నాయి.

నియమావళి రాసే పని నాకప్పగించారు. పత్రికలో రాసేవాడు కాంప్లెక్సులో నేనొక్కడినే కదా! మాస్టారు చెప్పిన వాక్యం "ప్రతి నివాస గృహమునకు ఒక్కొక్క ఓటు" అని. చదివితే కచేరీ కాగితం వాసన కొట్టింది. నాకు ప్రాణం ఒప్పలేదు. కొట్టేసి, కమ్మటి తెలుగులో "గడపకో ఓటు" అని రాశాను. సభ చప్పట్లు కొట్టింది. మాస్టారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, "బావుంది. మరీ బావుంది, అదే భయం," అన్నారు. ఆయనకు కాస్త అసూయ ఉందనుకున్నాను.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అక్క ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా చేసింది. ఉద్యోగమంతా నిలబడే చేసిన మనిషి. రిటైరై మా ఇంటికొచ్చాక కూడా పొద్దున్నే బస్టాపుదాకా ఒక ట్రిప్పు కొట్టొస్తే తప్ప టీ ముట్టేది కాదు. ఆ ఆరు మెట్ల మీదే ఒకరోజు కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ మెట్లు దిగదు కదా, అక్క ఆ రోజు నుంచి వీధి మొహం చూడలేదు. కిటికీ అవతల బస్సు హారన్ వినపడితే అక్క తల అటు తిరిగేది. అది చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

అందుకని మెట్ల పక్కన ఒక ర్యాంపు కట్టాలని తీర్మానం పెట్టాను. కొత్త నియమావళి కింద మొట్టమొదటి తీర్మానం నాదే. ఎంత గర్వంగా ఉందో!

ఓటింగుకు ముందు ఓటర్ల జాబితా కావాలి. మా సెక్రటరీని రికార్డు బాబాయ్ అంటారు, రిజిస్ట్రేషనాఫీసులో రికార్డులు చూసి రిటైరయ్యాడు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేయడం తప్ప మరో పాపం ఎరగడు. చేతిలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వంగి వంగి గుమ్మాల కింద చూశాడు. సాయంత్రానికి నోటీసుబోర్డు మీద లెక్క అంటించాడు. చిన్న వరస, గడపలు పద్నాలుగు. మధ్య బ్లాకు, గడపలు పన్నెండు. పెద్ద బ్లాకు, సున్నా.

పాఠకులారా, మీ కాళ్ల కింద ఒకసారి చూసుకోండి. కొత్త ఫ్లాట్లలో గడపలెక్కడున్నాయి? వీధి గుమ్మం నుంచి బాల్కనీ దాకా టైల్సు జర్రున జారిపోతాయి. 'కాలికి అడ్డు తగలని ఇల్లు' అని బిల్డరు మాకు అదొక విలాసంగా అమ్మాడు. చిన్న వరసలోనా? ప్రతి గదికీ జానెడు ఎత్తు టేకు గడప. చెక్క మామ ఇంట్లో అయితే అయిదు.

"బాబాయ్, గడపంటే ఇల్లని అర్థం," అన్నాను పరుగెత్తుకెళ్లి. "నాలుగు గడపలు తిరిగాం అంటే నాలుగిళ్లు తిరిగామని కాదా?"

"మరి ఇల్లని రాయకపోయావా," అన్నాడు బాబాయ్. "రాసింది నువ్వే కదయ్యా."

"మార్చేద్దాం."

"మార్చొచ్చు. రెండు సభలూ ఒప్పుకోవాలి. జన సభలో మీ బ్లాకుకు ఎన్ని ఓట్లున్నాయో బోర్డు మీద అంటించాను చూడు."

ఎంత లోతైన రాజ్యాంగమో చూశారా! నలభై ఎనిమిది ఇళ్లవాళ్లం ఒక్క చెయ్యి ఎత్తే హక్కు లేకుండా నిలబడ్డాం. తలలు లెక్కపెట్టడంలో ఏముంది, మేకలమందను కూడా లెక్కపెడతారు. గడపలు లెక్కపెట్టిన సమాఖ్య మాదొక్కటే.

ఇక మిగిలిన దారి ఒకటే, గడపలు పెట్టించుకోవడం. కాంప్లెక్సులో వడ్రంగి ఎవరు? చెక్క మామ. "మామా, నీ ఓటుకు ఎదురు ఓటు నువ్వే చెక్కి ఇస్తున్నావు కదా, బాధగా లేదా?" అని అడిగాను. "చెక్కకు పార్టీ ఏముంది," అన్నాడాయన కొలత తీసుకుంటూ.

మొదట ఇంటికొకటి పెట్టించారు. పక్కింటాయన రెండు పెట్టించాడని తెలిసి ఎదురింటాయన మూడు పెట్టించాడు. ఒకాయన చెప్పుల బీరువాకు గడప వేయించాడు. రెండు గుమ్మాలున్న బాత్రూము ఉన్నవాడి దర్జా చూడాలి! నిద్రమత్తులో తట్టుకుని పడటాలు, కాలి గోళ్లు ఊడటాలు మొదలయ్యాయి. బ్లాకులో సగం మంది కుంటుతూ నడుస్తున్నా, ఓటింగు బలం చూసుకుని మురిసిపోయారు.

మధ్య బ్లాకువాళ్లు అలిగారు. "మేం ఉన్న పన్నెండుతో పొదుపుగా సర్దుకున్నాం. ఇష్టమొచ్చినట్టు పెంచుకున్నవాళ్లకు ఓట్లు పెరిగి, అదుపులో ఉన్నవాళ్లకు బలం తగ్గడమా? ఇదెక్కడి న్యాయం?" అన్నారు. మాస్టారు తల పట్టుకుని, "ఈ ప్రశ్న పెద్ద పెద్ద దేశాల్లోనే తెగలేదు, నన్ను వదిలేయండి," అన్నారు. మర్నాడు మధ్య బ్లాకులో కూడా రంపం చప్పుడు వినిపించింది.

మా ఇంట్లో నేను నాలుగు పెట్టించాను. వీధి గుమ్మానికొకటి, వంటింటికొకటి, బాల్కనీకొకటి, అక్క గదికొకటి. నాలుగోది బిగించేటప్పుడు చక్రాల కుర్చీలోంచి అక్క చూస్తూ కూర్చుంది.

"ఒరేయ్, ఇది దాటి నేనెట్లా హాల్లోకి రావాలిరా?"

"ర్యాంపు కోసమే కదక్కా. ర్యాంపు రావాలంటే ఓట్లు కావాలి, ఓట్లు కావాలంటే గడపలు కావాలి. కొన్నాళ్లు ఓపిక పట్టు."

ఆ రోజు నుంచి టీవీ హాల్లో మోగుతుంటే అక్క గడపకు అవతలి నుంచి చూసేది. తాను దూర సందు లేదు మెడకో డోలన్నట్టుందని మా ఆవిడ గొణిగింది. రాజ్యాంగ విషయాలు ఆడవాళ్లకు అర్థం కావని నేను పెద్దమనసుతో క్షమించాను. అంతకు ముందురోజే వంటింటి గడప తట్టుకుని ఆవిడ పప్పుగిన్నెతో సహా పడిందని ఇక్కడ చెప్పడం అప్రస్తుతం.

ఇక సమ సభ. ఆరుగురు సభ్యులు. మా బ్లాకు ఇద్దరూ సరేనన్నారు. చిన్న వరస ఇద్దరూ కుదరదన్నారు. మధ్య బ్లాకులో ఒకరు అటు, ఒకరు ఇటు. మూడుకు మూడు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ మూడుకు మూడు. అంతటి తూకం బంగారం కొట్లో కూడా దొరకదు.

చిన్న వరసవాళ్లను తప్పుపట్టలేం. "ఇవాళ మీ గుమ్మం ముందు ర్యాంపంటారు, రేపు మా పెరట్లో పార్కింగంటారు," అని వాళ్ల భయం. చెత్తబండి వాసన పీల్చినవాళ్లకు ఆ భయం ఉంటుంది. చివరికి వాళ్లు ఒక షరతు పెట్టారు. అన్ని బ్లాకులూ సమానం కాబట్టి ర్యాంపు తమకూ కావాలి.

"మీ ఇళ్లు నేల మీదే ఉన్నాయి కదా. మెట్లే లేని చోట ర్యాంపు దేనికి ఆనించాలి?" అన్నాడు మా సభ్యుడు.

"అయితే ముందు మెట్లు కట్టించండి," అంది చిన్న వరస.

కట్టించాం! చిన్న వరస ముందు ఇప్పుడు మూడు మెట్లున్నాయి. ఎక్కితే ఒక చిన్న అరుగు వస్తుంది. అరుగు మీద నుంచి అవతలికి ర్యాంపు దిగుతుంది. ఎక్కినవాడు మళ్లీ ఎక్కిన చోటికే వస్తాడు. మధ్య బ్లాకువాళ్లు తమకు ఏమీ రాకపోతే అన్యాయమని, ఒక స్టీలు రెయిలింగుతో సరిపెట్టుకున్నారు. అది దేనికీ తగిలించి లేదు, ఊరికే నిలబడి ఉంటుంది.

అలా సమ సభ గట్టెక్కింది. జన సభలో స్కూటర్లవాళ్లు అడ్డం తిరిగారు. ర్యాంపు వస్తే నాలుగు స్కూటర్ల జాగా పోతుందట. కాంప్లెక్సులో మొత్తం నూట ఎనభై తొమ్మిది గడపలు తేలాయి. తీర్మానానికి అనుకూలంగా తొంభై అయిదు, వ్యతిరేకంగా తొంభై నాలుగు. ఒక్క గడప తేడాతో గెలిచాం. నేను ఇంటికెళ్లి నాలుగు గడపలనూ తడి గుడ్డతో తుడిచాను.

పోయిన ఆదివారం పొద్దున ప్రారంభోత్సవం. రెండు సభలూ ర్యాంపు కింద బారులు తీరాయి. రికార్డు బాబాయ్ రిబ్బను కట్టాడు. నేనూ పక్కింటాయనా అక్క గదికి వెళ్లాం, కుర్చీని చెరోవైపు పట్టుకుని గడపలు దాటించడానికి.

"చేతులు తియ్యండి," అంది అక్క.

"ఒక్క నిమిషమక్కా, ఎత్తి అవతల పెడతాం."

"నేను సామాను కాదురా బస్సు పైన వెయ్యడానికి. చక్రాలున్నాయి, నేనే వెళ్తా. ర్యాంపు కట్టించింది అందుకే కదా?"

బయట జనం ఎదురుచూస్తున్నారు. మాస్టారు లోపలికొచ్చి సంగతి చూసి, గడపకు అటూ ఇటూ చిన్న ర్యాంపుముక్కలు పెడదామన్నారు. వెనకే వచ్చిన రికార్డు బాబాయ్, "ర్యాంపంటే రెండు సభలూ కూర్చోవాలి," అన్నాడు. అక్క వాళ్లిద్దరి మీదుగా చూస్తూ గొంతెత్తి పిలిచింది.

"చెక్క మామా, రంపం ఉందా?"

"ఉందమ్మా."

"తీసుకురా. ఈ గదిదీ, వీధి గుమ్మందీ. ఆ రెండూ తీసెయ్."

రికార్డు బాబాయ్ చెవి మీది పెన్సిలు తీశాడు. "రెండు గడపలు పోతే మీకు తొంభై మూడు. వాళ్లకు తొంభై నాలుగు. తీర్మానం వీగిపోతుందమ్మా. ర్యాంపు చెల్లదు. ఆలోచించుకో."

"అది సిమెంటుతో కట్టారా, ఓట్లతో కట్టారా?" అంది అక్క.

చెక్క మామ ఎవరివంకా చూడలేదు. తను చెక్కి బిగించిన గడపలను తనే కోశాడు. అక్క కుర్చీ గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వీధి గుమ్మంలోకి, అక్కణ్నుంచి ర్యాంపు మీదికి వచ్చింది. రిబ్బను కత్తిరించడానికి ఎవరూ ముందుకు రాలేదు. ర్యాంపు చెల్లదు కదా, చెల్లని దానికి ప్రారంభోత్సవం ఎలా చేస్తారు? అక్క రిబ్బన్ను చేత్తో పైకెత్తి, తల వంచి, "రైట్ రైట్" అనుకుంటూ దాని కింది నుంచి దిగిపోయింది. గేటు దాటి బస్టాపు వైపు వెళ్లింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కింటాయన అది చూసి, రెండు ఓట్లు పోయినందుకనుకుని భుజం తట్టాడు.

రెండు సభలూ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమయ్యాయి. చెల్లని ర్యాంపును ఏం చేయాలి? కూల్చాలని జన సభలో ఒకాయన అన్నాడు. కూలిస్తే చిన్న వరస ర్యాంపు కూడా కూల్చాలి, మెట్లు కూడా తీసెయ్యాలి, లేకపోతే సమానత్వం ఏమైనట్టు అని సమ సభ అడిగింది. మళ్లీ మూడుకు మూడు. నేను ముందే చెప్పానా లేదా? నిర్ణయం జరగకపోవడం ఎంత అదృష్టమో చూడండి. ఈ తూకం ఇలాగే ఉన్నంతకాలం ఆ ర్యాంపును కదిలించే మొనగాడు లేడు. నేను మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

గంట తర్వాత అక్క తిరిగొచ్చింది. మొహం మీద ఎండ తగిలిన ఎరుపు. హాల్లో టీ తాగుతూ, నేను సంబరంగా చెబుతున్న సభల వైభవమంతా చివరిదాకా విన్నది.

"నాలుగిళ్లవాళ్లకు కూడా రెండు సీట్లిచ్చారన్నమాట," అంది.

"మరి! చిన్నవాళ్ల మాట ఎవరూ తొక్కేయకూడదు కదక్కా. సమాఖ్యంటే అదే."

"బాగుంది. మరి ఈ ఇంటికి నాలుగు ఓట్లొచ్చాయే, నా గదికి గడప పెట్టేముందు వాటిలో నాకెన్నిచ్చావురా?"

టీ చల్లారిపోతున్నా లేచి నియమావళి తీసి ఆ నిబంధన వెతికాను. 'గడపల ఓట్లన్నీ ఇంటి యజమానివే' అని ఉంది. ఎనిమిదో పేజీలో, గుండ్రటి అక్షరాలతో, నా చేతిరాతే.